ఫార్మాట్ కొట్టించే ముందు ఇది చదువు

బెంగళూరు

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం చదివాను. కంప్యూటర్ ఆన్ చేస్తే లోగో దగ్గర చుక్కలు గిరగిరా తిరగడం, అరగంటకి నల్లతెర, మధ్యమధ్యలో డబ్బాలోంచి టిక్కుటిక్కుమని చప్పుడు. ఇదంతా రాసి, చివర్లో తాపీగా "షాపతను ఫార్మాట్ కొట్టేద్దామంటున్నాడు, రేపు ఇచ్చేస్తున్నా" అన్నావు చూడు, అక్కడ నా గుండె గుభేలుమంది. ఇవ్వకు, ఫార్మాట్ అంటే డిస్కు మీదున్నదంతా తుడిచెయ్యడమే. ముందు ప్లగ్గు పీకెయ్, ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని ఇది చదువు.

విండోస్ పోతే పోయిందేమీ లేదురా. మళ్లీ ఎక్కించుకోవడం ఓ పూట పని. నీది అసలు లైసెన్సే కాబట్టి అది మదర్‌బోర్డుకి ముడిపడి ఉంటుంది, నెట్ తగిలించగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. బజార్లో దొరకనివి ఆ డిస్కులో ఉన్నాయి: నువ్వు ఇన్నేళ్లుగా చేసిన పేజ్‌మేకర్ ఫైళ్లు, ట్యాలీ లెక్కలు, పిల్లల ఫొటోలు. ముందు అవి బయటికి రావాలి. జబ్బేమిటో తర్వాత చూసుకుందాం.

ఆ టిక్కుటిక్కు సంగతి చెప్తాను. హార్డ్ డిస్కులో పళ్లెం మీద సమాచారాన్ని చదివే హెడ్ తన జాడ దొరక్క, మొదటికి వెళ్లి మళ్లీ మళ్లీ ప్రయత్నించే చప్పుడు అది. ఆ స్థితిలో ఎంతసేపు తిప్పితే అంత నష్టం. ఒక్కసారి ఆన్ చేసి బయాస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) వెళ్లి డిస్కు పేరు, సైజు సరిగ్గా కనపడుతున్నాయో లేదో చూడు. కనపడితే ఆశ ఉంది. కనపడకుండా చప్పుడు మాత్రమే వస్తుంటే ఇంట్లో చేసేదేమీ లేదు, డేటా రికవరీ చేసే ల్యాబ్‌కి ఇవ్వాల్సిందే. డిస్కు మూత మాత్రం విప్పకు, లోపల దుమ్ము రేణువు పడినా పళ్లెం గీసుకుపోతుంది. ఫ్రిజ్‌లో పెడితే బాగవుతుందని ఎవడైనా చెప్తే నవ్వి ఊరుకో. మీ చెన్నై గాలికి బయటికి తియ్యగానే దాని ఒళ్లంతా చెమట పడుతుంది.

ఇంకో ప్రమాదం చెక్‌డిస్క్, అంటే విండోస్‌లోనే ఉండే డిస్కు రిపేరు ప్రోగ్రాం. డిస్కు ఆరోగ్యంగా ఉండి, ఫైళ్ల చిట్టా మాత్రమే చెదిరినప్పుడు అది మంచి మందు. చచ్చిపోతున్న డిస్కు మీద పూర్తి స్కాన్ పెడితే ప్రతి సెక్టారూ (డిస్కులోని చిన్న గడి) చదివిస్తుంది, పైగా చిట్టాని అక్కడే తిరగరాస్తుంది. చివరికి పేర్లు ఊడిన ముక్కలే మిగిలే అవకాశం ఎక్కువ. విండోస్ తనంతట తాను "డ్రైవ్ రిపేర్ చేస్తున్నా" అని మొదలుపెట్టబోతే, అది లెక్క పెట్టే ఆ కొన్ని సెకన్లలోనే ఏదో ఒక కీ నొక్కి ఆపెయ్.

ఇక దారి. అసలు విండోస్‌ని లేపకుండానే ఫైళ్లు తియ్యొచ్చు. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి, 2 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు ఒకటి తెచ్చుకో. వేరేవాళ్ల కంప్యూటర్లో లినక్స్ మింట్ (విండోస్‌కి బదులు వాడే ఉచిత సిస్టం) దించుకుని, రూఫస్ అనే చిన్న ప్రోగ్రాంతో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించు (పెన్‌డ్రైవ్‌లో ముందున్నదంతా పోతుంది, చూసుకో). నీ డబ్బాకి అది గుచ్చి ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ టకటకా నొక్కు. డెల్, లెనోవోలకి మామూలుగా ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9. మింట్ పెన్‌డ్రైవ్ మీదనుంచే నడుస్తుంది. తెర మీద ఇన్‌స్టాల్ అని ఒక బొమ్మ ఉంటుంది, దాని జోలికి మాత్రం పోకు, నీ డిస్కు మీదే ఎక్కి కూర్చుంటుంది. విండోస్ 10లో ఫాస్ట్ స్టార్టప్ (పూర్తిగా ఆగకుండా సగం నిద్రలో ఉండే పద్ధతి) ఉంటే నీ డిస్కు చదవడానికి మాత్రమే తెరుచుకోవచ్చు, రాయనివ్వదు. కంగారుపడకు, మనకి కావాల్సిందీ అదే.

కాపీ చేసేటప్పుడు డిస్కు మొత్తం ఒకేసారి లాగకు. చిన్నవీ, విలువైనవీ ముందు. ట్యాలీ డేటా ఫోల్డర్, పేజ్‌మేకర్ ఫైళ్లు, తర్వాత ఫొటోలు, చివర్న వీడియోలు. సినిమాలు వదిలెయ్. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ అన్నీ యూజర్స్ అనే ఫోల్డర్లో నీ పేరు కింద ఉంటాయి. వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆన్‌లైన్ దాపు) పెట్టుకుని ఉంటే కొన్ని ఫైళ్లకి అక్కడ పేరే ఉంటుంది, సరుకు క్లౌడ్‌లో ఉంటుంది, వాటిని వెబ్‌సైట్‌లోంచి దించుకోవాలి. క్రోమ్ ఫోల్డర్ కాపీ చేసేస్తే పాస్‌వర్డులు వచ్చేస్తాయనుకోకు. అవి పాత విండోస్ ఖాతా తాళంతో బిగించి ఉంటాయి, కొత్తదాంట్లో తెరుచుకోవు.

నువ్వు తప్పకుండా మర్చిపోయేది ఒకటి చెప్పనా? అనూ ఫాంట్లు. అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా తెలుగుగానే కనపడే పద్ధతి) కావు. ఫాంటు లేని కంప్యూటర్లో నీ పెళ్లికార్డులన్నీ ఇంగ్లీషు అక్షరాల గజిబిజిగా కనపడతాయి, ఫైలు పాడైందని ఏడుస్తావు. పాత డిస్కులో విండోస్ ఫోల్డర్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం కాపీ చెయ్, అనూ సెటప్ ఫైలు ఎక్కడుంటే అదీ తీసుకో. పని పూర్తయిన ప్రతి కార్డుకీ ఇకమీదట ఓ పీడీఎఫ్ కూడా దాచు.

కాపీ ఒకచోట ఆగిపోయి, చప్పుడు పెరిగిందనుకో, రద్దు చేసెయ్. అప్పుడు డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం వాడాలి, చెడిపోతున్న డిస్కుల్లోంచి డేటా లాగడానికే అది. ఉబుంటు, మింట్‌లలో దాని ప్యాకేజీ పేరు మొదట్లో ఇంకో 'జీ' చేరి జీడీడీరెస్క్యూ అని ఉంటుంది, వెతికితే దొరకట్లేదని అనుకోకు. అది ఫైళ్లని కాదు, డిస్కునే అచ్చు తీస్తుంది. సులువుగా వచ్చే భాగాలు ముందు లాగేసి, మొండికేసేవాటిని దాటేసి, వాటి కోసం చివర్లో మళ్లీ వెళ్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది కాబట్టి కరెంటు పోయినా ఆగినచోటునుంచే మొదలవుతుంది. ఆ మ్యాప్ ఫైలు మంచి డిస్కు మీదే ఉండాలి, పెన్‌డ్రైవ్ మింట్‌లో వదిలేస్తే రీస్టార్ట్‌తో పోతుంది. ఎక్కడినుంచి ఎక్కడికి అన్నది తారుమారు చేశావో, ఖాళీ డిస్కుని తీసుకెళ్లి నీ డేటా మీద పోసినట్టే. సైజు, సీరియల్ నంబరు రెండుసార్లు చూసుకున్నాకే ఎంటర్ నొక్కు. ఆ తర్వాత ఫైళ్లన్నీ అచ్చులోంచి ఏరుకోవాలి, అసలు డిస్కుని ఇక తాకక్కర్లేదు.

సామాను కోసం రిచీ స్ట్రీట్‌కి వెళ్లు. కంప్యూటర్ సామాన్లకి మాకిక్కడ ఎస్పీ రోడ్డు ఎలాగో, మీకక్కడ అది అలాగ. డిస్కుని డబ్బాలోంచి ఊడదీసి వేరే కంప్యూటర్‌కి తగిలించాలంటే సాటా (డిస్కుని బోర్డుకి కలిపే పోర్టు) నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్ కావాలి. నీది డెస్క్‌టాప్‌లో ఉండే 3.5 అంగుళాల డిస్కు, దానికి 12 వోల్టులు కావాలి. కాబట్టి అడాప్టరుతో వచ్చేదే అడుగు, ఉత్త కేబుల్ ల్యాప్‌టాప్ డిస్కులకే. పోర్టు లోపల నీలంగా ఉంటే మామూలుగా అది యూఎస్‌బీ 3. 500 జీబీ అందులో సెకనుకి 100 ఎంబీ చొప్పున వస్తే గంటన్నర లోపే అయిపోతుంది, పాత యూఎస్‌బీ 2లో 4 గంటలు. ఇవి ఆరోగ్యంగా ఉన్న డిస్కు లెక్కలు, నీ ముసలిదానికి రాత్రంతా పట్టొచ్చు. కొత్త 1 టీబీ డిస్కు విండోస్‌లో 931 అని చూపిస్తే షాపువాడితో తగువు పెట్టుకోకు, కొలత తేడా అంతే. పప్పుబెల్లాల ధరకి 2 టీబీ పెన్‌డ్రైవ్ ఇస్తానంటే మాత్రం నమ్మకు. లోపల చిన్న చిప్పు పెట్టి పెద్ద సైజు చూపించే సరుకు అది. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రాం మొత్తం నింపి, తిరిగి చదివి బండారం బయటపెడుతుంది.

సరుకు బయటపడ్డాక జబ్బు చూద్దాం. డిస్కుని ఇంకో విండోస్‌కి తగిలించి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో (డిస్కు ఆరోగ్యం చూపించే ప్రోగ్రాం) తెరువు. 05, సీ5, సీ6 నంబర్ల వరుసల్లో చివరి గడిలో సున్నాలు కాక వేరే అంకెలు కనపడితే ఆ డిస్కుని ఇక నమ్మొద్దు. అది పది బదులు పదహారు గుర్తులతో లెక్కపెట్టే పద్ధతిలో (హెక్స్) చూపిస్తుంది, ఏ అని కనపడితే పది అని అర్థం. సీ7 ఒక్కటే పెరుగుతుంటే తప్పు డిస్కుది కాకపోవచ్చు, సాటా కేబుల్ మార్చి చూడు. డిస్కు బాగుండీ నీలితెరలు వస్తుంటే ర్యామ్ అనుమానించు. సముద్రపు గాలికి దాని అంచున మెరిసే లోహపు కాళ్లు నల్లబడతాయి. రబ్బరుతో మెల్లగా రుద్ది, తిరిగి క్లిక్కుమనేదాకా నొక్కి, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ రాత్రంతా పెట్టు. ఒక్క తప్పు వచ్చినా అది చెడినట్టే. రోజూ తారీఖు వెనక్కి పోతుందన్నావుగా, అది బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ. వెబ్‌సైట్లు సర్టిఫికెట్ బాలేదని గోల చెయ్యడం కూడా దానివల్లే.

కొత్త ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని, చిప్పుల డిస్కు) వేసి విండోస్ ఎక్కించేటప్పుడు పాత డిస్కుల కేబుళ్లన్నీ పీకెయ్. లేకపోతే బూట్ ఫైళ్లు పోయి వాటిమీద కూర్చోవచ్చు, నిద్రమత్తులో తప్పు డిస్కు ఎంచుకోవచ్చు కూడా. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, నీ బోర్డులో ఉందేమో బయాస్‌లో చూడు. 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే డిస్కుకి దానంతటదే తాళం పడొచ్చు. ఆ 48 అంకెల రికవరీ కీ కాగితం మీద అచ్చు తీసి బీరువాలో పెట్టు, లేకపోతే ఈసారి మింట్ కూడా లోపలికి పోలేదు.

బ్యాకప్ అంటే కంప్యూటర్ కింద సొరుగులో ఇంకో డిస్కు పెట్టుకోవడం కాదు బావా. వేళచ్చేరిలో ఉంటూ 2015 వరదనీ, 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను నీళ్లనీ మర్చిపోయావా? మూడు ప్రతులు ఉండాలి: పనిచేసేది ఒకటి, ఇంట్లో అటక మీద ఒకటి, నెల్లూరులో అత్తయ్య దగ్గర ఒకటి. సంక్రాంతికీ దసరాకీ ఎలాగూ వెళ్తావు, అప్పుడు రెండు డిస్కులూ అటూ ఇటూ మార్చుకో. దాచే డిస్కు మామూలు హార్డ్ డిస్కే కొను. ఎస్‌ఎస్‌డీని కరెంటు లేకుండా ఏళ్ల తరబడి వదిలేస్తే మతిమరుపు వస్తుంది. గాలి దూరని డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి పెట్టు. పని అవగానే కేబుల్ తీసెయ్, తగిలించే ఉంచితే ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వైరస్) దాన్నీ మింగేస్తుంది. వన్‌డ్రైవ్ ఉంది కదా అనకు. అది అద్దం లాంటిది, ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. రోజువారీకి విండోస్‌లోనే ఉన్న ఫైల్ హిస్టరీ చాలు, పాత రూపాలు కూడా దాస్తుంది. నెలకోసారి బ్యాకప్‌లోంచి ఏదో ఒక పెళ్లికార్డు తీసి వేరే కంప్యూటర్లో తెరిచి చూడు, అనూ ఫాంట్లతో సహా.

ముందు డిస్కు మీది లేబుల్ ఫొటో తీసి పంపు. ఏ కేబుల్ కొనాలో, డీడీరెస్క్యూ కమాండ్ ఎలా కొట్టాలో అక్షరం అక్షరం రాసి పంపుతాను. అందాకా ప్లగ్గు పెట్టకు. షాపతనికి రేపు ఊళ్లో ఉండనని చెప్పెయ్.

ఉంటాను.