మీ అమ్మాయి చదువు, అమెరికాలో ఒక వేలం

ఒరేయ్ శీనూ,

చెల్లెమ్మా, పిల్లలూ కులాసాయేనా? మీ అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతూ ఎకనామిక్స్ కూడా తీసుకుంటానంటోందనీ, రెండు పడవల మీద కాళ్లు పెడుతోందేమోననీ టెన్షన్ పడుతూ రాశావు. నాకు వెంటనే అమెరికాలో జరిగిన ఒక వేలం గుర్తొచ్చింది. తీరిగ్గా చదువు.

2012లో అక్కడి పార్లమెంటు ఒక చట్టం చేసింది. టీవీ స్టేషన్లు వాడుతున్న తరంగాలను, ఇష్టపడి ఇచ్చేవాళ్ల దగ్గర కొని సెల్‌ఫోన్ కంపెనీలకు అమ్మాలి. ఇవ్వం అన్నవాళ్లను మిగిలిన ఛానళ్లలో సర్దాలి. అయితే వాళ్ల ప్రసారం అందే ప్రాంతం, చూసే జనం తగ్గకుండా చేతనైనంతా చెయ్యాలని చట్టంలో ఒక మాట ఉంది. ఆ ఒక్క మాట కోసం, ఏ స్టేషన్ పక్కన ఏది ఉంటే బొమ్మ చెడుతుందో ఇంజనీర్లు లెక్క కట్టారు. అలాంటి షరతులు సుమారు 27 లక్షలు తేలాయిరా!

వేలం పద్ధతి పాల్ మిల్‌గ్రోమ్, ఇల్యా సీగల్ వంటి ఆర్థికవేత్తలది. ప్రతి రౌండులో స్టేషన్‌కు ముందుకన్నా తక్కువ ధర చెబుతారు. ఇష్టమైతే ఉంటారు, లేకపోతే తప్పుకుని తమ ప్రసారం తాము చేసుకుంటారు. చిన్న ఊళ్లో స్టేషన్ నడిపేవాడికి కూడా అర్థమైపోతుంది.

కానీ ధర తగ్గించేముందు ప్రతిసారీ ఒకటి తేల్చుకోవాలి. ఈ స్టేషన్ ఇప్పుడు తప్పుకుంటే, ఇంతకుముందు తప్పుకున్నవాళ్లందరితో పాటు దీనికీ చోటుంటుందా? లేదంటే ధర అక్కడే ఆగిపోతుంది, ఆ రేటుకు కొనాల్సిందే. ఇది కంప్యూటర్ సైన్సులో పేరుమోసిన కష్టమైన లెక్క. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో కంప్యూటర్ శాస్త్రవేత్త కెవిన్ లేటన్-బ్రౌన్ బృందం దీనికి ప్రోగ్రాం రాసింది. ఒక్కో ప్రశ్నకు ఇచ్చిన గడువు నిమిషం లెక్కన ఉండేది. నాకు బాగా నచ్చింది ఇక్కడే. గడువులోగా జవాబు రాకపోతే చోటు లేనట్టే లెక్క, ధర తగ్గదు. ఏ స్టేషన్‌కూ అన్యాయం జరగదు, ప్రభుత్వానికి మాత్రం కాస్త ఎక్కువ ఖర్చవుతుంది. అంటే ప్రోగ్రాం ఎంత చురుగ్గా ఉంటే ఖజానాకు అంత మిగులు.

2016 మార్చిలో మొదలైన వేలం ఏడాది సాగింది. మొదట 126 మెగాహెర్ట్జ్ (తరంగాల వెడల్పుకు కొలత) ఖాళీ చేయిద్దామంటే స్టేషన్లకు 86.4 బిలియన్ డాలర్లు కావాల్సి వచ్చింది. సెల్ కంపెనీలు అంత పెట్టలేదు. తగ్గుతూ తగ్గుతూ చివరికి 84 మెగాహెర్ట్జ్ దగ్గర కుదిరింది. రాబడి 19.8 బిలియన్లు, అందులో స్టేషన్లకు ముట్టింది సుమారు 10. ఆ తర్వాత టవర్లెక్కి యాంటెన్నాలు మార్చే పని 2020 దాకా నడిచింది. ఆ టవర్లెక్కిన పనివాళ్లనూ నేను ఈ వేలం నడిపిన జట్టులోనే కలుపుతాను. మిల్‌గ్రోమ్‌కు 2020లో మరో ఆర్థికవేత్త రాబర్ట్ విల్సన్‌తో కలిపి నోబెల్ వచ్చింది.

ఇందులో ఏ ఒక్కరూ పక్కవాడి శాస్త్రం తెలియకుండా తమ పని చెయ్యలేకపోయేవాళ్లు. అందుకే అమ్మాయిని ఆపకు. వీలైతే లా సబ్జెక్టు కూడా ఒకటి తీసుకోమను. ఫీజు గడువు ఎప్పుడో కనుక్కుని ఫోన్ చెయ్యి, నేనే తనతో మాట్లాడతాను.

నీ
మూర్తి