జిరాక్స్ షాపులో మా నాయనను ఆపిన అన్నకు

పోయిన నెల తిరుపతి బస్టాండు ఎదురు జిరాక్స్ షాపులో మా నాయన పక్కన నిలబడిన అన్నా, మీ పేరు కూడా అడగలేదు మేము. దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌లో ఎవరిదో వారసుల్లేని డబ్బు ఉందని వచ్చిన మెయిళ్లు నమ్మి, ‘ప్రాసెసింగ్ ఫీజు’ కింద అప్పటికే రెండు లక్షలు కట్టేసి, మిగతాది నేరుగా పోయి తెచ్చుకుంటానని, మాకేమో చెన్నైలో ఫ్రెండు కూతురి పెళ్లని చెప్పి, ఆ కాగితాలు ప్రింట్ తీయించుకుంటున్నాడు ఆయన. మీ కన్ను ఒక్క లైను మీద పడిందంట: ‘వీసా అక్కర్లేదు, ఎయిర్‌పోర్టులో మా మనిషి దాటిస్తాడు.’

వీసా లేకుండా దిగినవాడు పోలీసుల దగ్గరికీ పోలేడు, ఆ మోసగాళ్ల చేతిలో ఇరుక్కున్నట్టే అని, 2004లో ఒక గ్రీకు ఆయనను ఇట్లాగే దక్షిణాఫ్రికాకు రప్పించి, ఇంటివాళ్లను డబ్బులడిగి, చివరికి చంపేశారని టీ తాగిస్తూ చెప్పారంట. మా నాయన మొండి మనిషి, అదే మాట మేం చెప్పుంటే వినేవాడే కాదు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కలిపిచ్చింది కూడా మీరే.

కట్టిన డబ్బు రాలేదు, వస్తుందన్న ఆశా లేదు. మనిషి ఇంట్లో ఉన్నాడు, పొద్దున్నే కాఫీలో చక్కెర తక్కువైందని అమ్మతో గొడవ పడుతున్నాడు. ఇటువైపు వస్తే మా ఇంట్లో రాగి సంకటి తినిపోండన్నా.