దొరకని పాటకు వేరే పేరు చూపిస్తున్న మీ యాప్‌పై ఫిర్యాదు

దేవరకొండ,
నల్గొండ జిల్లా.

ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: పాటను గుర్తుపట్టే మీ యాప్ తప్పు పేర్లు చూపించడం, చందా డబ్బు వాపసు గురించి.

అయ్యా,

దేవరకొండలో నాకు చిన్న షాపు ఉంది. పాత క్యాసెట్లలోని పాటలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇస్తాను. డిండి, చింతపల్లి, కొండమల్లేపల్లి నుంచి కూడా జనం వస్తారు. చాలా క్యాసెట్ల మీద రాసిన పేర్లు చెరిగిపోయి ఉంటాయి. అవి ఏ పాటలో తెలుసుకోవడానికే మీ యాప్‌కు 599 రూపాయలు పెట్టి ఏడాది చందా కట్టాను. సినిమా పాటైనా, జానపదమైనా, నోటితో కూనిరాగం తీసినా ఐదు సెకన్లలో చెప్పేస్తామని మీ ప్రకటనలో ఉంది.

మొన్న దసరా ముందు ఒకాయన తన తల్లి పాడిన బతుకమ్మ పాటల క్యాసెట్ తెచ్చాడు. ఆమె చనిపోయి చాలా ఏళ్లయింది. వాకిట్లో ఆడుతుంటే ఎవరో టేప్ రికార్డర్‌లో పట్టిన పాటలవి. చప్పట్లు, వెనక పిల్లల అల్లరి కూడా వినిపిస్తాయి. నేను మీ యాప్ చూపించిన పేరే ఫైలుకు పెట్టి ఇచ్చాను. సాయంత్రానికి ఆయన తిరిగొచ్చి, "అన్నా, ఇది మా అమ్మ గొంతు. ఇంకెవరి పేరో ఎందుకు పడ్డది?" అని అడిగాడు. చూస్తే అది ఈమధ్య వచ్చిన ఒక డీజే పాట పేరు. నాకు మాట రాలేదు. తప్పు నాదే అని ఒప్పుకుని పేరు మార్చి ఇచ్చాను. ఆ తర్వాత పాత ఫైళ్లన్నీ తీసి మళ్లీ విన్నాను. ఇంకో పదకొండు పాటలకు ఇట్లాగే తప్పు పేర్లు పడ్డాయి.

ఎందుకు ఇట్లా అవుతుందో ఈ పనిలో ఉన్నవాడిగా నాకు కొంత తెలుసు. ఇలాంటి యాప్ ఒక రికార్డింగ్‌కు వేలిముద్ర లాంటిది తయారు చేసుకుని, తన దగ్గర ఉన్న వేలిముద్రలతో పోల్చి చూస్తుంది. ఇంట్లో పట్టిన పాట వేలిముద్ర మీ దగ్గర ఉండే అవకాశమే లేదు. పైగా పాత టేపు బెల్టు వదులైతే పాట నెమ్మదిగా తిరిగి, శ్రుతి కూడా దిగిపోతుంది. ఇక బాణీని బట్టి పోలుద్దామంటే, బతుకమ్మలో ఒకే వరుస మీద, అదే "ఉయ్యాలో" మీద ఎన్నో పాటలు నడుస్తాయి. వరుస కలిసినంత మాత్రాన పాట అదే అయిపోదు. ఈ సంగతి మా దగ్గర బతుకమ్మ ఆడే ఏ ఆడబిడ్డనడిగినా చెప్తుంది.

పాట దొరకకపోవడం తప్పు కాదు. దొరకలేదని చెప్పకపోవడమే తప్పు. ఈ రంగంలో పోటీ ఎంత ఉందో నాకు తెలుసు. పాటను గుర్తుపట్టే షాజామ్ 2002లో బ్రిటన్‌లో మొదలైనప్పుడు 2580 నంబరుకు ఫోన్ చేసి పాట వినిపిస్తే పేరు మెసేజ్‌లో వచ్చేది. 2018లో దాన్ని ఆపిల్ కొనేసింది. కూనిరాగంతో వెతకడం సౌండ్‌హౌండ్ అనే ఇలాంటి యాప్‌లో ముందు నుంచే ఉంది, గూగుల్ 2020లో తెచ్చింది. వాళ్ల కంటే ముందుండాలని మీకు ఉండటం సహజం. కానీ షాజామ్‌కు పాట దొరకకపోతే దొరకలేదనే చూపిస్తుంది. మీది మాత్రం ప్రతిసారీ ఏదో ఒక పేరు చూపిస్తుంది. దాన్ని నమ్మి నేను ఒక తల్లి పాటకు వేరొకరి పేరు పెట్టాను.

మీ హెల్ప్ చాట్‌లో మూడుసార్లు రాశాను. మూడుసార్లూ యాప్ అప్‌డేట్ చేసుకోమన్న జవాబే వచ్చింది, అది కూడా ఇంగ్లిష్‌లో. చేసుకున్నాను. ఏమీ మారలేదు.

నా 599 రూపాయలు తిరిగి ఇవ్వండి. పోలిక సరిగా కుదరనప్పుడు "దొరకలేదు" అని తెలుగులో చూపించండి. తప్పు పేరు వస్తే వెంటనే చెప్పడానికి ఒక బటన్ పెట్టండి. ఇవి చేసేదాకా ప్రకటనలో జానపదం అన్న మాట తీసేయండి.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలో పరిష్కరించాలి. అప్పటికీ జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను, నల్గొండలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్తాను.

చందా రసీదు, స్క్రీన్‌షాట్లు, ఆ క్యాసెట్‌లోని అర నిమిషం పాట జతచేస్తున్నాను. ఆ పాటను ఈ ఫిర్యాదు పరిశీలనకు మాత్రమే వాడండి, మీ డేటాబేస్‌లో చేర్చకండి. ఆ ఇంటివాళ్లు అంతవరకే ఒప్పుకున్నారు.

ఇట్లు,
మీ చందాదారు