దసరాకు ముందు మా దగ్గర పీఎస్4 స్లిమ్ కొన్నవారికి

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని మా దుకాణంలో దసరాకు ముందు సెకండ్ హ్యాండ్ పీఎస్4 స్లిమ్‌లు (సోనీ కంపెనీ వీడియో గేమ్ యంత్రాలు) 21 అమ్మాము. ఇంట్లో పిల్లలు గేమ్స్ ఆడుకోవడానికీ, పెద్దలు సినిమాలు చూసుకోవడానికీ ఒకే చిన్న పెట్టె సరిపోతుందని నేనే మీకు నచ్చజెప్పి అమ్మాను. వాటిలో సగానికి పైగా బ్లూ-రే డిస్కు చదవడం లేదని ఇప్పుడు తెలిసింది. బ్లూ-రే అంటే డీవీడీ కంటే ఎక్కువ సమాచారం పట్టే డిస్కు, పీఎస్4 గేమ్ డిస్కులు కూడా బ్లూ-రేలే. ఈ మాట మీకు ఎవరో చెప్పేకంటే నేను చెప్పడం ధర్మం.

మొదట వచ్చిన కస్టమర్ విషయంలో తప్పు నాదే. ఆయన అమెరికాలో ఉన్న కూతురు పంపిన సినిమా బ్లూ-రే తెచ్చి, ఆడటం లేదన్నారు. సినిమా బ్లూ-రేలు ఏ ప్రాంతానివి ఆ ప్రాంతపు యంత్రాల్లోనే ఆడేలా చేస్తారు, అక్కడి డిస్కులు రీజియన్ ఏ, మనవి రీజియన్ సీ కాబట్టి ఆడదని చెప్పి పంపించేశాను. చాలా సినిమా డిస్కుల విషయంలో ఆ మాట నిజమే, కానీ మన దేశపు డిస్కు ఒకటి వేసి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. నాలుగు రోజులకు ఉప్పల్ నుంచి ఒక తండ్రీ కొడుకూ నా దగ్గరే కొన్న గేమ్ డిస్కుతో వచ్చారు. పీఎస్4 గేమ్స్‌కు రీజియన్ అడ్డు లేదు. డిస్కు లోపలికి వెళ్ళింది, రెండు మూడు సార్లు టక్ టక్‌మని శబ్దం వచ్చింది, కాసేపు గిర్రున తిరిగి ఆగిపోయింది. ఆ అబ్బాయి తెర వైపు కాకుండా నా ముఖం వైపు చూస్తూ నిలబడ్డాడు.

నేను పరీక్షించకుండా ఏదీ అమ్మలేదు. ప్రతి యంత్రంలోనూ పది నిమిషాలు తెలుగు సినిమా డీవీడీ ఆడించాను, హార్డ్ డిస్కులో ఉన్న గేమ్ నడిపించాను. లోపం సరిగ్గా ఆ పరీక్షలోనే ఉంది. డీవీడీని చదివేది 650 నానోమీటర్ల ఎర్ర లేజర్, బ్లూ-రేను చదివేది 405 నానోమీటర్ల నీలి ఊదా లేజర్. రెండోది బలహీనపడినా మొదటిది చక్కగా పనిచేస్తుంది కాబట్టి మీ పెళ్ళి డీవీడీ హాయిగా ఆడుతుంది, పిల్లవాడి గేమ్ డిస్కు మాత్రం ఆడదు. ముంబై నుంచి సరుకు పంపిన డీలర్ కూడా వీడియో కాల్‌లో నాకు డీవీడీ ఆడించే చూపించాడు. ఆయనకు ముందే తెలుసని నేను నిరూపించలేను. కానీ ఫోన్ చేసినప్పుడు, "సినిమా ఆడుతోంది కదా, ఈ కాలంలో డిస్కులు ఎవరు వేస్తున్నారు?" అన్నాడు. తర్వాతి లాట్‌లో ధర తగ్గిస్తానన్నాడు. పీఎస్2 రోజుల నుంచి ఈ గల్లీలో డిస్కులు అమ్ముకుని ఇల్లు నడుపుకున్న నాకు ఆ మాట చాలా కష్టంగా తోచింది. ఆయన దగ్గర ఇక ఒక్క కేబుల్ కూడా కొనను.

నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వనిది మాత్రం వేరే విషయం. తమంతట తాము ఫిర్యాదుతో వచ్చినవారు ఆరుగురే. మిగిలిన 15 మందిలో డౌన్‌లోడ్ గేమ్స్, ఓటీటీ సినిమాలతో సరిపెట్టుకునేవారు చాలామంది ఉంటారు, వారికి ఈ లోపం ఎప్పటికీ తెలియకపోవచ్చు. దుకాణంలో నాతో కూర్చునే మా తమ్ముడు, "అన్నా, అడగనోళ్ళకు మనమే ఫోన్ చేసి ఎందుకు చెప్పాలె?" అన్నాడు. వాడి లెక్క తప్పని నేను అనలేను. బాగుచేయాలంటే డిస్కును చదివే లేజర్ లెన్స్ మార్చాలి, ఒక్కో లెన్స్‌కు అయ్యే ఖర్చును 15తో హెచ్చవేసి చూసుకుంటే దసరా లాభం మొత్తం పోతుంది. అయినా సినిమాలు కూడా ఆడుతుందని నేను నోటితో చెప్పి డబ్బు తీసుకున్నాను. ఆ ఇంటివారు ఏ సంక్రాంతికో మొదటి డిస్కు కొని వేసినప్పుడు, నాకు తెలిసి కూడా చెప్పలేదని తేలితే, ఆ కౌంటర్ వెనక నేను కూర్చోలేను. మర్నాడు పొద్దున బిల్లు పుస్తకం ముందు పెట్టుకుని 15 మందికీ ఫోన్ చేశాను. 12 మంది తెచ్చి చూపించారు, ఏడింటిలో లోపం బయటపడింది. ముగ్గురి నంబర్లు కలవడం లేదు. ఈ లేఖ ముఖ్యంగా ఆ ముగ్గురి కోసమే.

డిస్కు వేసే డ్రైవ్ మొత్తం మార్చడం లేదు. కొత్త లెన్స్ మాత్రం వేస్తున్నాము. మీ యంత్రమే మీకు తిరిగి వస్తుంది కాబట్టి పిల్లల సేవ్ గేమ్స్ ఎక్కడికీ పోవు. పైసా తీసుకోము, ఆరు నెలలు గ్యారంటీ రాసిస్తాము, వద్దనుకున్నవారికి పూర్తి డబ్బు ఇస్తాము.

ఇకపై ప్రతి యంత్రాన్నీ మీ ఎదుటే ఒక డీవీడీ, ఒక సినిమా బ్లూ-రే, ఒక గేమ్ డిస్కు వేసి చూపించాకే బిల్లు రాస్తాను. 4కే బ్లూ-రే సినిమాలు కావాలనేవారికి పీఎస్4 స్లిమ్ అమ్మను, అది వాటిని ఆడించదు. ఆదివారం తప్ప ఏ రోజైనా సాయంత్రం 8 గంటలలోపు రండి. బిల్లు పోయినా ఫరవాలేదు, యంత్రంపై ఉన్న సీరియల్ నంబర్ నా పుస్తకంలో ఉంది.