శబ్దం ఆపి చూస్తే

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన శుక్రవారం నాలుగో తరగతి పిల్లలకు ‘లక్సో జూనియర్’ చూపించాం. 1986లో పిక్సార్ వాళ్లు తీసిన చిన్న యానిమేషన్ చిత్రం అది, దాదాపు రెండు నిమిషాలుంటుంది. అందులో ఉన్నవల్లా రెండు టేబుల్ లాంప్‌లు, ఆడుకోవడానికి బంతి. వాటికి కళ్లూ నోరూ లేవు, ఒక్క మాట కూడా వినిపించదు. చిన్న లాంప్ బంతి మీదెక్కి గెంతేసరికి అందులో గాలి పోతుంది. అప్పుడు దాని తల కిందికి వాలిపోతుంది.

“తిడతారని భయపడుతోంది” అంది వెనక బెంచీలోని పాప. తరగతిలో ఆ పాప నోరు విప్పడమే అరుదు. “భయం కాదు, బాధ. భయమైతే గబుక్కున వంచేసేది” అన్నాడు పక్కనున్న అబ్బాయి. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. మేం ఆపలేదు.

ఈ చిత్రాన్ని తొలిసారి ప్రదర్శించినప్పుడు జేమ్స్ బ్లిన్ అనే గ్రాఫిక్స్ నిపుణుడు దర్శకుడు జాన్ లాసెటర్ దగ్గరికి వచ్చాడట. ఏదో టెక్నికల్ ప్రశ్న అడుగుతాడనుకుంటే, “ఆ పెద్ద లాంప్ అమ్మా, నాన్నా?” అని అడిగాడట. మా పిల్లలూ సరిగ్గా అదే అడిగారు.

మాటలున్న చిత్రాల్లోనూ సంగతి ఇదే. చాలా స్టూడియోల్లో ముందు నటుల గొంతు రికార్డు చేసి, తర్వాత దానికి తగ్గట్టు బొమ్మను కదిలిస్తారు. ఎక్కడ తడబడ్డారు, ఎక్కడ ఊపిరి పీల్చారు అన్నవి కూడా భుజాల్లో, కనుబొమల్లో కనిపించాలి. ‘వాలస్ అండ్ గ్రోమిట్’ చిత్రాల్లోని గ్రోమిట్ అనే కుక్క బొమ్మకైతే నోరే లేదు, దాని మనసంతా నుదుటి మీదే తెలుస్తుంది. ‘ఫైండింగ్ నీమో’లో డోరీ అనే చేప తిమింగలంతో మాటలు సాగదీసి మాట్లాడుతుంటే పిల్లలు పడీ పడీ నవ్వుతారు. నాకు మాత్రం ఎదుటివాళ్ల భాషలోకి వెళ్లాలన్న డోరీ తాపత్రయం ఎంతో ముద్దుగా అనిపిస్తుంది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, “స్కూల్లో ఎలా గడిచింది?” అని మీరడిగితే పిల్లలు “బాగానే” అంటారు. ఆ మాట అంటూ బ్యాగు ఎలా దించారు, మీ వైపు చూశారా, చెప్పుల వైపు చూశారా? బొమ్మ “ఏం లేదు” అంటూ భుజాలు జారవిడిస్తే పిల్లలు దాని మాట నమ్మరు, భుజాలనే నమ్ముతారు. వాళ్ల భుజాల్ని మనం అంత శ్రద్ధగా చూస్తున్నామా అన్నది నన్ను నిజంగా కలవరపెడుతోంది.

ఈ నెల వీలైతే పిల్లలతో కలిసి ‘ఫ్లో’ చూడండి. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్న లాత్వియా దర్శకుడి సినిమా. పిల్లి, కుక్క, ఇంకొన్ని జంతువులు, మాటలు మాత్రం లేవు. వరద దృశ్యాలు చిన్నపిల్లలకు కాస్త టెన్షన్ పెట్టొచ్చు, పక్కనే కూర్చోండి. అది దొరక్కపోతే ఏ కార్టూనైనా సరే, పది నిమిషాలు శబ్దం ఆపి చూడండి. “ఇప్పుడు అది ఏమనుకుంటోంది?” అని అడిగి, మీ పిల్లలు చెప్పిన జవాబును డైరీలో రెండు లైన్లు రాసి పంపండి. సోమవారం తరగతిలో వాటినే చదువుకుంటాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు