వెన్నుపూస దెబ్బకు మాయ ఇంజెక్షన్ లేదని మా పల్లెల్లో చెప్పించండి సార్

ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం,

మాది అనంతపురం దగ్గర పల్లె సార్. పోయిన ఫిబ్రవరిలో మా అన్న చింతకాయ రాల్చేకి చెట్టెక్కి కాలు జారి పడినాడు. కాళ్ళు కదల్లేదు. నలుగురం చేతులు కాళ్ళు పట్టి ఎత్తి ఆటో వెనక సీట్లో మడిచి పడుకోబెట్టి తీసుకొచ్చినాం, విరిగిన వెన్నును అట్ల మడిస్తే లోపల నరం ఇంకా నలిగే ప్రమాదం ఉందని మాకెవరూ చెప్పలే. అది తలుచుకుంటే ఇప్పటికీ ముద్ద దిగదు నాకు.

మొదట పోయిన ఆసుపత్రిలో స్టెరాయిడ్ ఎక్కిస్తే కాళ్ళొస్తాయి అన్నారు, ఆ ఆశతోనే ఆడ ఉండిపోయినాం, ఆపరేషన్ చేసే చోటికి చేరేసరికి మూడో రోజు. ఆ మందు పేరు మిథైల్‌ప్రెడ్నిసోలోన్. 1990లో అమెరికా మందు పరీక్ష (ట్రయల్) ఒకటి 8 గంటల్లోపు ఇస్తే కొంచెం మేలు అనింది, 2013లో అక్కడి న్యూరోసర్జన్ల సంఘాలే వాడొద్దని గైడ్‌లైన్ ఇచ్చినాయి, ఎందుకంటే ఇన్ఫెక్షన్లు, కడుపులో రక్తస్రావం లాంటివి ఎక్కువ. 2017లో ఇంకో గైడ్‌లైన్ 8 గంటల్లోపైతే ఒక రోజు మటుకు ఇచ్చి చూడొచ్చు అనింది, అంతే. జీఎం-1, రిలుజోల్ అనే వేరే మందులు కూడా పెద్ద ట్రయల్స్‌లో అనుకున్న ఫలితం చూపలే. డాక్టర్లను తప్పు పట్టడంలే సార్, కానీ ఈ మాట ఇంట్లోవాళ్ళకు తెలుగులో చెప్పాల కదా! మెడ, నడుము కదలకుండా బోర్డు మీద తీసుకురావడం, బీపీ పడిపోకుండా చూడడం, కుదిరితే 24 గంటల్లోపు నరం మీద ఒత్తిడి తీసే ఆపరేషన్, మా అన్నకు కావాల్సినవి ఇవి.

రెండు నెలలకు ఒక ఏజెంట్ ఇంటికొచ్చినాడు, స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్లంట, వదిన రెండు ఎనుములు అమ్మి డబ్బు కట్టింది. కాలి వేలు కూడా కదల్లే. ట్రయల్ బయట ఈ జబ్బుకు స్టెమ్ సెల్ వాడకూడదని మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 గైడ్‌లైన్స్‌లోనే ఉంది, మరి వీళ్ళు మంచాల దాకా ఎట్ల వస్తున్నారు సార్?

ఇప్పుడు వదిన ఫోన్‌లో రెండు గంటలకొక అలారం. రాత్రి పన్నెండుకు, రెండుకు, నాలుక్కు లేచి అన్నను పక్కకు తిప్పి, మడమల కింద పాత చీర మడిచి పెడుతుంది. అయినా నడుము కింద రూపాయి బిళ్ళంత పుండు పడింది. ఆయమ్మకు ఇదంతా నేర్పింది పక్క బెడ్ పేషెంట్ భార్య, ఆసుపత్రి కాదు. యూరిన్ పైపు ఎట్ల మార్చాలో, పుండు రాకుండా ఎట్ల చూసుకోవాలో డిశ్చార్జ్ అయ్యేలోపు ఒక నర్సమ్మ చేసి చూపించినా సగం కష్టం తగ్గుతాది. ఫిజియోథెరపీ కూడా ఊరి దగ్గర్లో దొరకాల, నెలనెలా కర్నూలుకో బెంగళూరుకో మంచం మీది మనిషిని మోసుకుపోలేం.

జనవరి నుంచి మళ్ళీ చింతకాయ సీజన్ సార్. ఆలోపు ప్రతి సచివాలయంలో వెన్ను కదలకుండా మోసే ఒక స్పైన్ బోర్డు పెట్టించి, పడినోళ్ళను ఎట్ల ఎత్తాలో ఊర్లో నలుగురికి నేర్పించండి. 108 వాళ్ళకు కూడా వెన్ను దెబ్బైతే నేరుగా ఆపరేషన్ జరిగే ఆసుపత్రికే పోవాలని ఆర్డర్ ఇవ్వండి.

ఇట్లు,
అనంతపురం జిల్లా నుంచి ఒక తమ్ముడు