డ్రయ్యర్ మోటార్ పోలేదండీ, కెపాసిటర్ పోయింది

ఎడిటర్ గారికి నమస్కారం. వానాకాలం వచ్చిందంటే మా ఇంట్లో బట్టలు ఆరేది సెమీ ఆటోమేటిక్ మిషన్లో ఆ పక్కనుండే డ్రయ్యర్ పుణ్యమే, అది సరిగ్గా ముసురు పట్టిన రోజే మొరాయించింది. మూత వేసి టైమర్ తిప్పితే మ్‌మ్ అని మూలుగుతుంది తప్ప టబ్ కదలదు. కంపెనీ మెకానిక్ వచ్చి వెనక స్క్రూ కూడా విప్పకుండానే మోటార్ కాలిపోయింది, 2800 అవుతుందన్నాడు. అసలు కాలిన వాసనే లేదు కదా బాబూ అంటే సమాధానం లేదు.

నేనే ప్లగ్ పీకేసి, మూత మూసే ఉంచి (తెరిస్తే బ్రేక్ పట్టేస్తుంది) వెనక ప్యానెల్ విప్పి కింద బ్రేక్ డ్రమ్ము చేత్తో తిప్పా, గిర్రున తిరిగింది. అంటే బ్రేక్ వైరు, షాఫ్టు బాగానే ఉన్నాయి, ఇక మోటార్ తిరగడం మొదలవ్వడానికి ఊతమిచ్చే కెపాసిటర్ మీదే అనుమానం. చూస్తే దాని పొట్ట ఉబ్బిపోయి ఉంది! అదే రేటింగ్‌ది, 5 మైక్రోఫారడ్, ఎలక్ట్రికల్ షాపులో 120 రూపాయలు. ప్లగ్ తీసినా అందులో కరెంటు నిలిచి ఉంటుంది కాబట్టి చేయి పెట్టకుండా తెలిసిన ఎలక్ట్రీషియన్ కుర్రాడితో మార్పించా, పది నిమిషాల పని.

ఇలాంటి మెకానిక్‌ల మీద ఫిర్యాదుకి కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915 ఉందని చాలామందికి తెలీదు, మీ పేపర్లో ఆ నంబరు కాస్త పెద్దక్షరాల్లో వేయండి సార్.

- ఒక పాఠకురాలు, రాజమండ్రి